పిలిచే బటన్ లేని ఆట

నాకు ఉద్యోగం వచ్చింది.

ఈ మాట పొద్దున పది గంటల నుంచి చెప్తూనే ఉన్నాను. మా అమ్మకు చెప్పాను, పక్కింటి పెద్దమ్మకు చెప్పాను, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించడానికి మార్కాపురం పోతూ బస్సులో కండక్టరుకు చెప్పాను. టికెట్ ఎక్కడికని ఆయన అడిగితే "నాకు ఉద్యోగం వచ్చిందన్నా" అన్నాను. మధ్యాహ్నం ఎవరో రాంగ్ నంబర్ చేశారు. ఆయనక్కూడా చెప్పాను. ఆయన మంచిదమ్మా, మీ నాయన అదృష్టవంతుడు అని పెట్టేశాడు.

మా నాయన గొర్రెలు కాస్తాడు. వాళ్ల నాయనా అదే పని చేశాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనొక్కదాన్నే. ఫలితాలు వచ్చాక నా మెమోను నాయన ప్లాస్టిక్ కవర్లో చుట్టి గొర్రెల మందుల పెట్టెలో దాచాడు. మా ఇంట్లో ఎలుకలు కొరకనిది ఆ పెట్టె ఒక్కటే. ఇప్పటికీ నా డిగ్రీకి నట్టల మందు వాసన వస్తుంది.

ఉద్యోగం ఎట్లా వచ్చిందని అందరూ అడుగుతున్నారు. హైదరాబాద్ కంపెనీ, ఇంట్లో కూర్చుని చేసే పని, ఫోన్ ఆటల గురించి అని చెప్తున్నాను. అదంతా నిజమే. పూర్తిగా మాత్రం ఒక్క మనిషికే చెప్పాను, ఈ సాయంత్రం. చెప్పాక సంతోషం పోలేదు. పోకుండానే దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. అది లేచి పోవడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆ కంపెనీ చేసే పని ఏమిటంటే, ఆటలు జనంలోకి రాకముందే కొంతమంది చేత ఆడించి, వాళ్లేమనుకున్నారో రాయించి, తయారుచేసిన వాళ్లకు పంపడం. పెద్ద ఊళ్లలో ఇంగ్లీషులో చెప్పేవాళ్లు వాళ్లకు బోలెడుమంది. మాలాంటి చోట్ల ఆడేవాళ్లు తమ మాటల్లో ఏమంటారో వాళ్లకు కావాలి. నమూనాగా ఒక పేజీ రాసి పంపమంటే, మా బస్టాండులో ఇద్దరు మాట్లాడుకున్నది మాట్లాడినట్టే రాసి పంపాను. అది వాళ్లకు నచ్చింది. ఒక మేడం ఫోన్ చేసి షరతు చెప్పింది. పదిహేను రోజులు, ముప్ఫై మంది. ప్రతి ఒక్కరూ నాలుగో లెవెల్ దాటాలి, దాటి అభిప్రాయం చెప్పాలి. ముప్ఫై పూర్తయితే ఉద్యోగం, ఇరవై తొమ్మిది దగ్గర ఆగితే లేదు. సిస్టం అట్లా ఉంటుందమ్మా, నా చేతిలో ఏమీ లేదు అని ముందే చెప్పింది.

ఆట పేరు ఎక్కడా చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి చెప్పను. యుద్ధం ఆట. మనం ఒక సైనికుడు. ఏ దేశమో చెప్పరు. ఎండిన గుట్టలు, రాళ్లు, ముళ్లకంపలు, చూస్తే మా తర్లుపాడు రోడ్డు పక్కన ఉన్నట్టే ఉంటుంది. మొదటి మూడు లెవెళ్లు మామూలే. వాళ్లు కాలుస్తారు, మనం కాలుస్తాం. నాలుగో లెవెల్లో మనల్ని ఒక గుట్ట మీద కూర్చోబెడతారు. చీకటి. తుపాకీకి ఒక దుర్భిణి ఉంటుంది. అందులో చూస్తే వేడిగా ఉన్నవన్నీ తెల్లగా, మిగిలిందంతా నల్లగా కనిపిస్తుంది. చెవిలో అధికారి గొంతు వినిపిస్తుంది: లోయలో శత్రువులు వరసగా దిగుతున్నారు, ఆపు. నిజంగానే తెల్లటి మచ్చలు దిగుతూ ఉంటాయి. రెండు మచ్చలు నిలువుగా ఉంటాయి. ఒకదాని భుజాల మీద అడ్డంగా పొడుగాటిదేదో ఉంటుంది. తొంభై సెకన్లలో కాల్చకపోతే లెవెల్ పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. కాలిస్తే మూడు నక్షత్రాలు.

నేను మొదటిసారే మూడు నక్షత్రాలు కొట్టాను. స్క్రీన్‌షాట్ తీసి మేడంకు పంపాను కూడా.

ఐదో లెవెల్ తెల్లవారి మొదలవుతుంది. శత్రువుల ఆయుధాలు ఏరుకు రమ్మని చెవిలో చెప్తారు. లోయలోకి దిగుతాం. అక్కడ గొర్రెలు పడి ఉంటాయి. ఒక ముసలాయన, ఒక ఆడమనిషి. ముసలాయన చెయ్యి ఒక కట్టె మీద ఉంటుంది. పాట రాదు, మాట రాదు. బతికున్న గొర్రె ఒకటి ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, దాని మెడలో గంట మాత్రం వినిపిస్తుంది. తర్వాత చెవిలో గొంతు, "మంచి పని. తర్వాతి చోటికి పద" అంటుంది. అంతే.

గొర్రెల మంద వెనక పుట్టి పెరిగినదాన్ని నేను. నాకు తెలియలేదు. ఆ రోజు అన్నం తినేటప్పుడు అమ్మ ఏదో అడిగితే రెండుసార్లు అడిగించుకున్నాను. ఆటే కదా అనుకున్నాను. ముప్ఫై మంది ఏమంటారో చూద్దాం అని కూడా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకెవరికీ తెలియలేదని విని ధైర్యం తెచ్చుకోవాలని.

మార్కాపురంలో ఒక సెల్ రిపేరు దుకాణం ఉంది. దాని యజమానిని అందరూ భాయ్ అంటారు. మా నాయన వయసు మనిషి. కాలేజీ రోజుల నుంచి నా ఫోన్ పగిలినప్పుడల్లా అతికిస్తున్నది ఆయనే. ఆయన దుకాణం ముందు బల్ల మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఫోన్లలో తలలు పెట్టి ఉంటారు. ఆడపిల్ల వచ్చి అడిగితే చెప్పరేమో అని భయపడ్డాను గానీ, కంపెనీ వాళ్లకు పోతుందంటే ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఒకాయన గ్రాఫిక్స్ సూపరన్నాడు. ఇంకొకాయన ఫోన్ ఇస్త్రీపెట్టెలా కాలుతోందన్నాడు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, గొర్రెల్ని కొడితే పాయింట్లు రావడం లేదు, మనుషులకే వస్తున్నాయి, అది సరిచెయ్యమని రాయి అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, రాసుకున్నాను. నా పని అదే మరి.

కానీ అందరూ అట్లా లేరు. నాతో డిగ్రీ చదివిన ఒకమ్మాయి నాలుగో లెవెల్‌ను ఆరుసార్లు ఆడిందట. ఒకసారి ఆకాశంలోకి కాల్చింది, ఒకసారి రాళ్లను కాల్చింది, ఒకసారి తుపాకీ పక్కన పెట్టి కిందికి పరిగెత్తబోయింది. ప్రతిసారీ లెవెల్ పోయింది. ఏడోసారి కాల్చేసి ఏడ్చిందట. ఇంతకన్నా మంచి ఆట నేనింతవరకు ఆడలేదు, మా తమ్ముణ్ణి మాత్రం ఆడనివ్వను అని రాయించింది. ఈ రెండు మాటలూ కంపెనీ ఫారంలో ఒకే గడిలో ఎట్లా పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను.

భాయ్ తనుగా ఏమీ చెప్పలేదు. నాలుగైదు రోజుల తర్వాత, అందరూ లేనప్పుడు, స్క్రూడ్రైవర్ కింద పెట్టి అడిగాడు.

"నాది రాసుకోవా బేటీ?"

"మీరు ఆడినారా భాయ్?"

"ఆడినా. మూడు నక్షత్రాలు." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పండగకు మా ఇంట్లో పొట్టేలును కోస్తాం గదా. ముందర నీళ్లు తాపుతాం. దానికి కత్తి కనపడనియ్యం. దేవుని పేరు చెప్పి, దగ్గర కూచోని కోస్తాం. జీవం తీసేదానికి అంత ఉంటాది. ఈడ ఏందిది, నేను టీ తాగతా కొట్టేసినా. టీ కూడా చల్లారలా."

ఏమనిపించింది అనే గడిలో ఏది పెట్టమంటారని అడిగాను. అందులో ఐదే మాటలు ఉంటాయి: సంతోషం, ఉత్సాహం, భయం, బాధ, ఏమీ అనిపించలేదు. ఆయన ఐదూ చదివించుకుని, ఇందులో సిగ్గు లేదే అన్నాడు. బాధ పెట్టాను.

గిద్దలూరు వైపు మిలిటరీలో చేసినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. అట్లాంటి వాళ్ల అభిప్రాయం ఒకటైనా ఉంటే మేడం మెచ్చుకుంటుందని బస్సెక్కి పోయాను. రిటైరై ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉన్న ఒకాయన ఒప్పుకున్నాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, మూడు లెవెళ్లూ ఒక్క తప్పు లేకుండా ఆడాడు. నాలుగోది మొదలయ్యాక కాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చేశాడు. నేను లేవబోతుంటే మళ్లీ ఇమ్మని తీసుకున్నాడు. ఈసారి కాల్చాడు. ఐదో లెవెల్ మొత్తం నడిచాడు, గంట శబ్దం వినిపించే దాకా. తర్వాత గేటు తీసి ఒక కారును లోపలికి పంపి వచ్చాడు.

"రాసుకోమ్మా. గురి బాగుంది. గాలి లెక్క లేదు. దూరానికి గుండు కిందికి దిగతాది, అది పెట్టలేదు."

"ఏమనిపించింది సార్?"

"అది ఖాళీగా వదిలెయ్."

ఖాళీగా వదిలితే ఫారం తీసుకోలేదు. ఎర్రగా వెలిగి, ఏదో ఒకటి నింపు అంది. గిద్దలూరు బస్టాండులో నిలబడి 'ఏమీ అనిపించలేదు' అన్నది నొక్కాను. ఆయన చెప్పిందానికి అదే దగ్గర అనుకున్నాను. బస్సు కంభం దాటే సరికి అది అన్నిటికంటే దూరమని తెలిసింది. అప్పటికే అది వెళ్లిపోయింది.

పదిహేనో రోజు పొద్దునకు ఇరవై తొమ్మిది అయ్యాయి. ముప్ఫయ్యో మనిషి పొదిలిలో ఉన్న మా బంధువు. ఆయన ఫోన్ నీళ్ల తొట్టిలో పడిందని కబురు వచ్చింది. సాయంత్రం ఆరు గంటలకు గడువు. ఎవరిని పట్టుకోవాలా అని ఆలోచిస్తూ నాయనకు మధ్యాహ్నం సద్ది తీసుకుపోయాను.

నాయన ఎక్కడున్నాడో నేనెవరినీ అడగను. మిగతా కాపరులు కట్టెను భుజాల మీద అడ్డంగా వేసుకుని, దాని మీద రెండు చేతులూ వేలాడేసి నడుస్తారు. మా నాయన అట్లా నడవడు. కొన పట్టుకుని నేల మీద ఈడుస్తూ నడుస్తాడు. మట్టిలో గీత పడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ గీత పట్టుకుని పోయి ఆయన్ని కలుసుకోవడమే నాకు అలవాటు. ఎందుకట్లా ఈడుస్తాడో ఎప్పుడూ అడగలేదు. చెయ్యి నొప్పేమో అనుకునేదాన్ని.

గొర్రెలు ఎండకు చెట్టు కింద చేరి, ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల పెట్టుకుని నిలబడి ఉన్నాయి. నాయన సద్ది తింటూ నన్ను చూశాడు.

"ఏంది పాపా, మొహం అట్ల పెట్టినావు? ఇంకెంతమంది?"

"ఒక్కరు నాయనా."

"పదైదు దినాల నుంచి ఊళ్లన్నీ తిరిగి అందర్నీ అడగతాండావు. నన్ను ఒకమాటన్నా అడిగినావా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, కొంచెం నొచ్చుకున్నాడని తెలిసింది. ఆయనకు చదవడం రాదు. ఫోన్ మాత్రం బాగా వాడతాడు, అంతా నోటితోనే. మైకు గుర్తు నొక్కి, "రేపు వాన పడతాదా అమ్మా" అని ఫోన్లో ఉన్న ఆమెను అడుగుతాడు. ఆమె చెప్తుంది. ఆయన ఫోన్లో ఆట ఎక్కించి, ఆయన పేరు కొట్టాను. మొదటి మూడు లెవెళ్లూ నేనే ఆడేసి, నాలుగోది ఆయన చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. తెల్లగా కనపడేవాళ్లు శత్రువులని, ఇది నొక్కితే నడుస్తాడని, ఇది వంగేదని, ఇది దగ్గరగా చూసేదని, ఎర్రది కాల్చేదని చెప్పాను.

నాయన ఫోన్‌ను ఎండ పడకుండా తువాలు కింద పెట్టి చూశాడు. రెండు సెకన్లు పట్టిందేమో.

"శత్రువులేందమ్మా, అయ్యి గొర్రెలు గదా."

నేను ఫోన్ మీదికి వంగాను.

"ముందర పోయేది మేకపోతు. మేక ముందర పడకుంటే గొర్రె కదల్దు. ఎనక తలకాయలు దించుకోని పోతాండేటివి గొర్రెలు. వాడు మంద తోలేటోడు. కట్టె చూడు, ఎట్ల పెట్టుకున్యాడో." నా వైపు తిరిగాడు. "నీకు తెలీలేదా?"

గడియారం తిరుగుతోంది, కాల్చు నాయనా, లేకుంటే లెవెల్ పోతుంది అన్నాను. ఆయన బటన్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ వెతుకుతున్నాడు.

"పిలిచేది ఏది?"

"ఏం పిలిచేది?"

"ఎవురు నువ్వు అని వాణ్ణి అడిగేది."

"అట్లాంటి బటన్ లేదు నాయనా."

"ఉంటాది. సరిగ్గా చూడు."

లెవెల్ పోయింది. మళ్లీ పెట్టమన్నాడు, పెట్టాను. మళ్లీ పోయింది. మూడోసారి ఆయన నన్ను ఏమీ అడగలేదు. వాన సంగతి అడిగేటప్పుడు పట్టుకున్నట్టే ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, గుట్ట మీద ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అరిచాడు.

"ఓయ్! కట్టె దించబ్బా! భుజాన పెట్టుకోమాక, కిందికి దించు!"

చెట్టు కింద మా గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. ఫోన్లోవి దిగుతూనే ఉన్నాయి.

నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు గొంతులో ఉండగానే ఆయన మొహం చూశాను. ఫోన్ తువాలు మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, నేనెప్పుడూ వినని సంగతి చెప్పాడు. నేను పుట్టకముందు ఒక ఎండాకాలం దోర్నాల దాటి అడవిలోకి మందను తోలుకుపోయారట. ఆ రోజుల్లో అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లు రెండు పక్కలా ఉండేవాళ్లు. మునిమాపు వేళ. నాయన అందరిలాగే కట్టె భుజాల మీద వేసుకుని, చేతులు వేలాడేసి వాగు దిగుతున్నాడు. పైనుంచి ఒక గొంతు, ఎవురది, ఆ చేతిలో ఏంది అని అడిగింది. నాయన కట్టె విసిరేసి, గొర్రెలోణ్ణి సామీ అని కూర్చుండిపోయాడు. పైన ఎవరో నవ్వారు. రాళ్లు దొర్లిన చప్పుడైంది. వాళ్లు వెళ్లిపోయారు. తెల్లారాక కట్టె వెతుక్కున్నాడు. ఆ రోజు నుంచి భుజం మీదికి ఎత్తలేదు.

వాళ్లెవరని అడిగాను.

"ఏమో. బట్టలు కనపడలా. ఎవురైతే ఏంది, అడిగినారు గదా." గొర్రెల వైపు చూస్తూ అన్నాడు. "రాసుకో. పిలిచే బటన్ ఒకటి పెట్టమను. అంతే నేను చెప్పేది."

అది రాశాను. ఆయన అన్న మాటలు అన్నట్టే రాశాను. ఇరవై తొమ్మిది మంది చెప్పినదాంట్లో ఇట్లాంటి మాట లేదని నాకు తెలుసు. కానీ పంపే బటన్ నొక్కితే ఫారం ఎర్రగా వెలిగింది: ఈ ఆటగాడు నాలుగో లెవెల్ పూర్తి చేయలేదు.

అప్పటికి నాలుగైంది. నాయన ఫోన్ నా దగ్గరే వదిలి మందను నీళ్లకు తోలుకుపోయాడు. నేను మేడంకు ఫోన్ చేసి, రాసింది చదివి వినిపించాను.

"చాలా బాగుందమ్మా. కానీ ఆయన లెవెల్ పూర్తి చేస్తేనే ఆ మాట పైకి వెళ్తుంది. లేకపోతే సిస్టం తీసిపడేస్తుంది. పూర్తి చేయించు. ఒక్క బటనే కదా."

భాయ్ దుకాణం దగ్గరికి పోతే ఆరు లోపల ఇంకొక మనిషి దొరికేవాడేమో. ఉద్యోగం వచ్చేది, నాయన మాట పోయేది. ఆ మాట పైకి పోవాలంటే నాయన కాల్చాలి. ఆయన కాల్చడు. ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. ఆయన మాట కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. ఉద్యోగం కోసం చేస్తున్నానన్నదీ అబద్ధం కాదు. ఈ రెంటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

నాలుగో లెవెల్ తెరిచాను. ఈసారి మేకపోతు కనిపించింది. ఒకసారి తెలిశాక ఇంకోరకంగా చూడలేం. తలలు దించుకుని నడిచే గొర్రెలు, చివర్లో కొంచెం కుంటేది ఒకటి. మందలో ఎప్పుడూ ఒకటి కుంటుతుంది. డెబ్బై సెకన్ల దాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాత కట్టె ఉన్న మనిషినే మొదట కొట్టాను. పోయినసారి మందను కొడితే చెదిరి, అన్నిటినీ కొట్టడం కష్టమైంది. మనిషి పడితే మంద చెదరదు, ఆయన చుట్టూనే నిలబడుతుంది. అది నాకు ఆట నేర్పలేదు. నాయన నేర్పాడు.

ఆయన పేరు కింద మూడు నక్షత్రాలు వెలిగాయి. ఫారం పచ్చగా మారి వెళ్లిపోయింది. ఫోన్‌ను సద్దిగిన్నె పక్కన పెట్టి, నాయన వచ్చేలోపే ఇంటికి వచ్చేశాను.

ఇది జరిగి మూడు రోజులైంది. ఈ పొద్దున మేడం ఫోన్ చేసింది. సోమవారం నుంచి నేను ఉద్యోగిని. ముప్ఫయ్యో అభిప్రాయాన్ని మీటింగులో చదివి వినిపించారట. ఆట తయారుచేసినవాళ్లు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారట. అయితే ఆ బటన్ పెట్టరు. అడిగే వీలుంటే ఆ లెవెలే ఉండదు, అడగలేక కాల్చి తర్వాత బాధపడాలనే అట్లా పెట్టాం అన్నారట. అది తప్పని నేను అనలేను. నాతో చదివినమ్మాయి ఏడ్చిందంటే, భాయ్ సిగ్గు అన్న మాట వెతుక్కున్నాడంటే, వాళ్లు కోరుకున్నది జరిగినట్టే. నాకూ జరిగింది. అయినా ఆ మాట వింటుంటే, వాగు దిగుతున్న మనిషికి పైన, గుట్ట మీద ఎవరో కూర్చుని, అడగకూడదని ముందే నిర్ణయించుకున్నట్టు అనిపించింది.

అందరికీ చెప్పుకుంటూ మార్కాపురం పోయొచ్చి, సాయంత్రం గీత పట్టుకుని నాయన దగ్గరికి పోయాను. ఫోన్లో చెప్పడం ఇష్టం లేకపోయింది. దూరం నుంచే అరిచాను, ఉద్యోగం వచ్చింది నాయనా అని. ఆయన కట్టె కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు. అంత మనిషి పిల్లాడిలా గెంతాడు. గొర్రెలు బెదిరి పక్కకు పోయాయి. అమ్మకు చెప్పినావా, మీ మామకు ఫోన్ చేసినావా అని వరసగా అడిగాడు. తువాలుతో కళ్లు తుడుచుకుని, అప్పుడడిగాడు.

"నేను చెప్పింది రాసినావా?"

"రాసినా నాయనా. పెద్దోళ్లంతా విన్యారు. పెట్టము అన్యారు."

"యాలంట? ఎందుకు పెట్టరంట?"

"అడిగితే ఆట ఉండదంట."

ఆయన తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. కాసేపు ఇద్దరం నడిచాం. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"మొన్న ఫోను తెరిస్తే మూడు చుక్కలు మెరస్తా ఉన్యాయి. నేనేం కొట్టలేదే అనుకున్యా."

మూడు రోజులు ఆయన ఆ చుక్కల్ని చూస్తూ ఉన్నాడన్నమాట. ఇంట్లో ఒక్క మాట అనలేదు. నేను మొత్తం చెప్పాను. ఫారం ఎర్రగా వెలగడం, మేడం అన్నది, ఆయన మందను తోలుకుపోవడం, అన్నీ.

"అప్పటికి గొర్రెలని తెలుసు గదా నీకు?"

"తెలుసు నాయనా."

"మేకపోతును చూసినావా?"

"చూసినా."

ఎవరిని మొదట కొట్టావని అడుగుతాడేమోనని నేను భయపడుతూ నడిచాను. అడగలేదు. దొడ్డి దగ్గర, వాడి పారేసిన పలకరాళ్లు పేర్చి కట్టిన గోడ మీద కూర్చుని, మంద లోపలికి పోయేదాకా లెక్క చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు.

"దీన్ని దీంట్లోంచి తీసెయ్యి పాపా."

ఆట గుర్తు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. ఒక చిన్న గడి వచ్చింది. అందులో ఏం రాసి ఉందని అడిగాడు. నిజంగా తీసేయాలా అని అడుగుతోంది అని చెప్పాను.

"చూసినావా," అన్నాడు నాయన, "ఆటను తీసేసేదానికి అడగతాది."

అవును నొక్కాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కింటి పెద్దమ్మ ఎదురైతే, మా పాపకు ఉద్యోగమొచ్చింది వదినా అని నేను పొద్దున్నే చెప్పేసిన మాటే మళ్లీ చెప్పాడు. ఆమె కూడా కొత్తగా విన్నట్టే విన్నది. ఆయన గొంతులో సంతోషం నిజమైనదే. నాదీ నిజమైనదే.

నా ఫోన్లోంచి మాత్రం ఆటను తీయలేదు. సోమవారం నుంచి ఐదో లెవెల్ మీద ఇంకో ముప్ఫై మందిని అడగాలి.